కథ ముగిసిన పిమ్మట: ‘పొన్నియిన్ సెల్వన్’ కడపటి సంపుటమును గూర్చి పాఠకుల తీర్పు

పొయ్యికడ తెలుగు, పలకమీద తమిళము. కావేరీతీరమున తరతరములుగా కాపురమున్న మన కుటుంబములలో పెక్కింటి స్థితి యిది. ఇంటిభాష నోటికే పరిమితమై, చదువుభాష వేరగుటచేత, మన స్త్రీలు కన్నీరు పెట్టుకొనుచు చదివిన నవలలును, మన పురుషులు అరుగులమీద వాదులాడిన నవలలును పెక్కులు తమిళమునందలివే. కావున ఈ సంచికలో ఒక తమిళ గ్రంథమును గూర్చి, అందును దాని కడపటి సంపుటమును గూర్చి, మేము వ్రాయబూనుట కొందరికి వింతగా తోచినను, మన పెద్దల నెరిగినవారికి వింతగా తోచదు. ఆ సంపుటము ముగిసిన దినములలో మన యిండ్లలో జరిగిన చర్చ తెలుగుననే జరిగినది. అంతియే కాదు, ఆ కథ ఆగినచోటినుండి బయలుదేరిన దారి వేంగీదేశమునకు పోవుచున్నది.

‘కల్కి’ యను పేర ప్రసిద్ధులైన రా. కృష్ణమూర్తిగారు తమ పేరనే వెలసిన వారపత్రికలో ‘పొన్నియిన్ సెల్వన్’ కథను 1950 అక్టోబరు 29వ తేదీన ప్రారంభించి, 1954 మే 16వ తేదీన ముగించిరి. మూడున్నర సంవత్సరములు, ఐదు సంపుటములు, 293 అధ్యాయములు. పొన్ని యనగా కావేరి. పొన్నికి ముద్దుబిడ్డ యనగా, తరువాతి కాలమున రాజరాజచోళుడని లోకము కొనియాడిన అరుళ్మొళివర్మ. బాల్యమున నదిలో పడిన ఆ శిశువును కావేరీమాతయే యెత్తి యిచ్చెనని కథలో జనులు చెప్పుకొందురు.

దీనిని చారిత్రక నవల యందురు. నిజమే, కాని చరిత్ర ఇందు ఎముకలగూడు మాత్రము, కండయు నెత్తురును కల్పనవి. రాజవంశమున మరణమును సూచించు తోకచుక్క, చీకటి సొరంగములు, శ్మశానమందిరమున అర్ధరాత్రి కత్తిమీద ప్రమాణము చేయు కుట్రదారులు, పూనకమున పలుకు దేవరాళుడు, తెరవేసిన పల్లకిలో తిరుగు సౌందర్యవతి, తుపాను సముద్రముమీద ఒంటిగా పడవ నడపు కన్యక — ఇవి యన్నియు శాసనములలో దొరకునవి కావు. మన పెద్దలు కాశీమజిలీకథలను ఏ చెవితో వినిరో ఆ చెవితోనే దీనినిగూడ వినిరి. అద్భుతకథకు గల ఆకర్షణయు, ఇతిహాసమునకు గల గౌరవమును ఒక్కచోట దొరకుటయే దీని బలము. ముగింపు విషయమున వచ్చిన తగవునకును అదియే కారణమని మా యభిప్రాయము.

మాకప్పటికి ఎనిమిదేండ్లు. మా పెద్దమేనత్త తమిళము చక్కగా చదువగలది. తెలుగు అక్షరము ఒక్కటియు రాదు. మా అవ్వకు ఏ లిపియు రాదు, తమిళము అంగడిలో బేరమాడుటకు మాత్రము చాలినంత వచ్చును. పత్రిక వచ్చిన సాయంకాలము దీపము పెట్టిన వెనుక మేనత్త ఒక పేరా తమిళమున చదివి, వెంటనే తెలుగున చెప్పెడిది. ఇట్లు మూడున్నరేండ్లు. ఒక మహాగ్రంథమంతయు మా వసారాలో నోటిమాటగా తెలుగైనది. ఒక్క వాక్యమైనను కాగితమున కెక్కలేదు. మణియముగారు గీసిన బొమ్మలను మాకు చూపి, తరువాత ఆ పుటలను కత్తిరించి, వరుసగా పేర్చి, ఒక్కొక్క సంపుటము ముగియగానే కుట్టించి అట్టవేయించెడిది. అట్టి బైండు పుస్తకములు లేని యిల్లు ఆ దినములలో మా వీధిలో అరుదు. నేటికిని పాతయిండ్ల అటకలమీద అవి కనబడుచున్నవి.

కడపటి సంపుటమునకు ‘త్యాగశిఖరము’ అని పేరు. తక్కిన నాలుగింటికంటె పెద్దది. అందు 91 అధ్యాయములు కలవు. సుందరచోళుని పెద్దకొమారుడు ఆదిత్య కరికాలుడు కడంబూరు మాళిగలో హతుడగును. రాజ్యము చిన్నకొమారుడైన అరుళ్మొళికి రావలెనని ప్రజలును సైన్యమును పట్టుబట్టుదురు. పట్టాభిషేకమునకు సర్వము సిద్ధమగును. ఆ క్షణమున అరుళ్మొళి కిరీటమును తాను ధరింపక పినతండ్రి శిరస్సున నుంచును. ఆ పినతండ్రి యెవడు? అంతవరకు రాజ్యముకొరకు అర్రులు చాచిన మధురాంతకుడు కాదు. తంజావూరిలో పూలమాలలు కట్టుకొని, శివుని పాడుకొనుచు బ్రదికిన సేందన్ అముదన్. పసితనమున శిశువుల మార్పు జరిగినదనియు, శెంబియన్ మాదేవి కన్న నిజమైన బిడ్డ ఇతడే యనియు తేలును. ఇతడే ఉత్తమచోళుడు. కథలో మొదటినుండి మనతో కూడ నడిచిన వీరుడు వందియదేవుడు చివరి అధ్యాయమున, తన్ను ప్రేమించి మతిచలించిన మణిమేఖల ప్రాణము విడుచుచుండగా ఆమె దాపున నుండును. ఆ పువ్వు రాలుటతో కథ ముగియును.

పాఠకులు ఊరకుండిరా? ఊరకుండలేదు. మూడున్నరేండ్లు వారము వారము ఎదురుచూచినవారికి తీర్పు చెప్పు హక్కు కలదు. మా వసారాలోని సభయే మాకు బాగుగా జ్ఞాపకము గనుక దానినుండియే చెప్పెదము. తక్కిన యిండ్లలో వినబడినవియు ఇవే మాటలు.

మొదటి ఫిర్యాదు, కథ హఠాత్తుగా ఆగినదని. నందిని యేమైనది? కుందవై వివాహమైనదా? అరుళ్మొళి ఎప్పుడు రాజైనాడు? సముద్రము దాటి పోవలెనన్న అతని కోరిక యేమాయె? పెండ్లికి పిలిచి, పందిరివేసి, తాళి కట్టకుండ భోజనము పెట్టి పంపినట్లున్నదని మా చిన్నతాత యనెను. రెండవది మణిమేఖల చావు. ఏ పాపమును చేయని పిల్లను కడపట బలియిచ్చుట యేల యని స్త్రీలందరి ప్రశ్న. మా పొరుగింటి ఇల్లాలు ఆ వారము పత్రికను చదివి విసరివేసి, మరల తానే తీసికొని దాచుకొన్నది. మూడవది శిశువుల మార్పు. పూలు కట్టువాడు రాజగుట నాటకములకు తగును గాని ఇట్టి గ్రంథమునకు తగునా యని చదువుకొన్న మగవారు. నాలుగవది, అన్నిటికంటె పెద్దది: కరికాలుని చంపిన దెవరు? కథలో చంపినది నేనే యని చెప్పుకొనువారు ఒకరికంటె నెక్కువ. చంపినవాడు మాత్రము తేలడు.

ఈ ప్రశ్నలు రచయిత చెవినిబడకపోలేదు. కథకు చివర ఆయన ఒక ముగింపుమాట చేర్చి, పాఠకులడుగు ప్రశ్నలను తానే యెత్తుకొని, పాత్రల తరువాతి చరిత్రను క్లుప్తముగా చెప్పెను. నేడు పుస్తకరూపమున చదువువారు దానిని కథలో భాగముగనే చదువుచున్నారు. ఇది మేము గమనింపదగిన విషయముగా తలచుచున్నాము. పాఠకుల అసంతృప్తియే ఆ గ్రంథమునకు చివరి పుటలను సంపాదించి పెట్టినది. వారపత్రికలో వ్రాయువానికిని, చదువువానికిని నడుమ ఏడుదినములకంటె ఎక్కువ దూరము లేని కాలమునగాని ఇట్టిది జరుగదు.

అయినను ఆ సమాధానములతో అందరును తృప్తిపడలేదు. మాకుగూడ ఒకటి రెండు విషయములలో పాఠకుల పక్షమే సరియని తోచును. 91 అధ్యాయముల సంపుటములో నడిమిభాగము నత్తనడక నడచి, చివరిభాగము పరుగెత్తినది. తుపాను, వరద, చికిత్స, చెరసాల — వీనికి అధ్యాయములకు అధ్యాయములు దొరకినవి. నందినికి మాత్రము వీడ్కోలు సరిగా దొరకలేదు. మణిమేఖలను గూర్చి మా పొరుగింటి ఇల్లాలు చెప్పినదానికి మేము నేటికిని బదులు చెప్పజాలము.

కాని హంతకుని విషయమున మేము రచయిత పక్షము వహింతుము. అందుకు కారణము ఒక రాయి. కథ ప్రారంభమైనది వీరనారాయణ మనబడు పెద్దచెరువు గట్టుమీద, ఆడినెల పదునెనిమిదవనాటి పండుగ సందడిలో. ఆ చెరువునకు సమీపమున కాట్టుమన్నార్‌కోయిల్ అను ఊరు కలదు. పూర్వము దానికి వీరనారాయణ చతుర్వేదిమంగళమని పేరు. అచటి ఉడైయార్‌గుడిలోని అనంతీశ్వరాలయపు గోడమీద రాజరాజుని రెండవ పాలనావర్షమున చెక్కించిన శాసనము కలదు. పాండ్యుని తల గొన్న కరికాలచోళుని చంపి ద్రోహులైన సోముడు, రవిదాసుడు, పరమేశ్వరుడు మొదలగువారి బంధువుల ఆస్తిని స్వాధీనము చేసికొన్న సంగతి అందు చెప్పబడినది. రచయిత కథను ఆ చెరువుగట్టున మొదలుపెట్టుట కాకతాళీయమని మేము తలపము. ఆ రాయి పేర్లు చెప్పినది; కారణము చెప్పలేదు. కత్తి యెవని చేతినుండి వెడలెనో, ఆ చేతి వెనుక మరియొక చేయి యుండెనో లేదో చెప్పలేదు. రాయియే మౌనము వహించినచోట కథకుడును మౌనము వహించెను.

ఈ రాతినిబట్టి ఒక పెద్దచర్చ చరిత్రకారులలోగూడ పుట్టినది. తిరునెల్వేలి సీమయందలి కల్లిడైకురిచ్చిలో తెలుగు కుటుంబమున 1892లో జన్మించిన కె. ఎ. నీలకంఠశాస్త్రిగారు చోళచరిత్రను మహాగ్రంథముగా రచించిరి. మనవంటి కుటుంబములోని బిడ్డ తమిళరాజుల చరిత్రకు మూలస్తంభ మగుట మనకు గర్వకారణమే. హత్య జరిగిన పిమ్మట ఉత్తమచోళుడు 985 వరకు ఏలియు ద్రోహులను శిక్షించినట్లు కనబడకుండుటయు, శిక్ష రాజరాజుని కాలమున వినబడుటయు చూచి, ఆ హత్యలో ఉత్తమచోళునికి సంబంధ ముండవచ్చునని శాస్త్రిగారు శంకించిరి. తరువాతివారు కొందరు దీనిని ఒప్పుకొనలేదు. శాసనము చెప్పునది శిక్ష కాదనియు, ముందెప్పుడో స్వాధీనమైన భూముల అమ్మకమనియు వాదించిరి.

ఇప్పుడు ఆ శిశువుల మార్పును మరల చూడుడు. చరిత్రకారుని శంక ఒకవైపు. మరియొకవైపు తిరువాలంగాడు తామ్రశాసనము: ప్రజలు వేడుకొన్నను, తన పినతండ్రికి రాజ్యకాంక్ష యున్నంతవరకు అరుళ్మొళి రాజ్యమును మనసునగూడ కోరలేదని అది చెప్పుచున్నది. అన్నను చంపించినవాడని అనుమానమున్న పినతండ్రికే తమ్ముడు కిరీటము నిచ్చెనన్నచో అది త్యాగమగునా, పిరికితన మగునా? ఈ చిక్కును విప్పుటకే కల్కి మధురాంతకు నొక్కని ఇద్దరుగా చేసెనని మా యూహ. ఆశపడినవా డొకడు, కిరీటము ధరించినవాడు మరియొకడు. నాటకమునకు తగిన ఉపాయమని మా మగవారు నవ్విన ఆ ఘట్టము, నిజమునకు రెండు శాసనముల నడుమ కట్టిన వంతెన. వంతెన కొంచెము ఊగినమాట వాస్తవమే. అయినను దానిమీదుగా కథ దాటినది.

మా అవ్వకు శాసనము లేవియు తెలియవు. ఆమె ఈ ఘట్టము విన్నప్పుడు, “అన్నీ అనుకున్నట్టే జరిగుంటే అది రామాయణమే అయ్యుండేది కాదు గదే” అని ఒక్కమాట యనెను. చేతికందిన రాజ్యమును వలదనిన భరతుని కథతో పెరిగినదామె. ముగింపు బాగుగలేదని ఇంటిల్లిపాదియు అనుచుండగా, బాగున్నదన్నది ఆమె యొక్కతెయే.

దీర్ఘకథలకు ముగింపు వ్రాయుట యందలి కష్టము ఒక్క తమిళదేశమునకే చెందినది కాదు. ‘పొన్నియిన్ సెల్వన్’ ముగిసిన రెండునెలలకు, 1954 జూలై 29వ తేదీన, ఇంగ్లండులో టోల్కిన్ మహాశయుని ఉంగరముల కథ మొదటి సంపుటము వెలువడినది. రెండవ సంపుటము అదే నవంబరులో వచ్చి, కథానాయకుడు శత్రువుల చేత చిక్కినచోట ఆగినది. మూడవదియు కడపటిదియు నగు సంపుటము 1955 అక్టోబరు 20వ తేదీన గాని రాలేదు. పదునొకండు మాసములు పాఠకులు ఆ చెరసాల వాకిట కూర్చుండిరి. వచ్చిన పిమ్మట తీర్పులు రెండుగా చీలినవి. కవి ఆడెన్ దానిని ఉత్తమ కావ్యముల సరసన నిలిపి పొగడెను. ఎడ్విన్ మ్యూర్ అది బాలుర లోకమని పెదవి విరిచెను. అమెరికాలో ఎడ్మండ్ విల్సన్ 1956లో నిలువున పరిహసించెను. టోల్కిన్ తరువాతి కూర్పునకు పీఠిక వ్రాయుచు, పాఠకులు చూపిన దోషములలో ఒక్కదానిని తానును ఒప్పుకొనుచున్నాననెను: గ్రంథము మరీ చిన్నదట! వేయిపుటలు మీరిన గ్రంథమునుగూర్చి ఆ మాట వినినప్పుడు మా చిన్నతాత జ్ఞాపకము వచ్చినాడు.

కాని టోల్కిన్ తన పాఠకులకు బదులు చెప్పుటకు పెక్కేండ్లు జీవించెను. కల్కి కంత గడువు దొరకలేదు. కథ ముగిసిన ఏడుమాసములైనను నిండకుండ, 1954 డిసెంబరు 5వ తేదీన ఆయన పరమపదించెను. అప్పటికి వ్రాయుచున్న ‘అమరతార’ నవల సగములో నిలిచిపోగా, కుమార్తె ఆనందిగారు తండ్రి వదలిన గురుతులనుబట్టి పూర్తిచేసిరి. ఆ వార్త వచ్చిననాడు మా మేనత్త దీపము పెట్టలేదు. ముగింపునుగూర్చి అంతవరకు గొణిగినవారు ఆ తరువాత గొణుగుట మానిరి.

పాఠకులు రెండువిధములు. కొందరు గొణిగి ఊరకుందురు; కొందరు కలము పట్టుదురు. అఖిలన్‌గారు రాజేంద్రచోళుని నాయకునిగా గైకొని ‘వేంగైయిన్ మైందన్’ రచించిరి. దానికి 1963లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. విక్రమన్‌గారి ‘నందిపురత్తు నాయకి’ సరిగా కల్కి విడిచినచోటనే కథ నందుకొన్నది. బాలకుమారన్‌గారు ‘ఉడైయార్’ అను ఆరు సంపుటముల నవలలో తంజావూరి పెద్దగుడిని కట్టించిన రాజరాజును చిత్రించిరి. ఇవి యన్నియు స్వతంత్ర గ్రంథములే. అయినను ఒక్కొక్కటియు ఆ ఐదవ సంపుటముమీద ఒక పాఠకుడు చెప్పిన అభిప్రాయమని మేము చదువుకొందుము. మణిరత్నంగారి చలనచిత్రముగూడ అట్టిదే. 2022 సెప్టెంబరు 30న మొదటిభాగము, 2023 ఏప్రిల్ 28న రెండవభాగము వచ్చినవి. అందు శిశువుల మార్పును విడిచి, కిరీటమును మధురాంతకునికే యిచ్చిరి. 1954లో మా మగవారు కోరినది 2023లో నెరవేరినదన్నమాట. విచిత్రమేమనగా, నవల చదివి యున్నవారు సినిమాశాలనుండి వచ్చి, సేందన్ అముదన్‌ను రాజును చేయలేదేమని కోపగించిరి. మన మనుమలు ఆ చిత్రమును తెలుగుమాటలతో చూచిరి. మా వసారాలో నోటిమాటగా జరిగిన పని డెబ్బదియేండ్లకు తెరమీద జరిగినది.

ఇక వేంగి సంగతి.

అరుళ్మొళి రాజ్యమును విడిచి యువరాజుగా వేచియున్న ఆ కాలముననే, 973లో, వేంగిలో దానార్ణవుని చంపి జటాచోడభీముడు సింహాసన మాక్రమించెను. తూర్పుచాళుక్యుల శాసనములు ఆ తరువాతి 27 సంవత్సరములను రాజులేని కాలముగా చెప్పుకొన్నవి. దానార్ణవుని కొమాళ్లు శక్తివర్మయు విమలాదిత్యుడును దేశము విడిచి చోళరాజ్యమున తలదాచుకొనిరి. అనగా, కల్కి తెర దించిన రంగస్థలము ప్రక్కవాకిటనుండి మన కథలోని రాజపుత్రులు దిక్కులేనివారై లోనికి వచ్చుచున్నారు. అరుళ్మొళి రాజరాజై, భీముని గెలిచి, శక్తివర్మకు వేంగి నిచ్చెను. విమలాదిత్యునికి తన కూతు నిచ్చి పెండ్లిచేసెను. ఆ కూతురి పేరును కుందవయే. నవలలో వందియదేవుని మనసు దొంగిలించిన మేనత్త పేరు. మేనత్త కుందవై వల్లవరైయర్ వంద్యదేవుని పట్టపుదేవి యని తంజావూరి పెద్దగుడి శాసనమే చెప్పుచున్నది. కావున ఆ పెండ్లినిగూర్చి దిగులు పడవలసిన పనిలేదు.

విమలాదిత్యునికిని కుందవకును పుట్టినవాడు రాజరాజనరేంద్రుడు. తాతపేరు మనుమనికి పెట్టుట మన యాచారమే గదా. 1022లో పట్టాభిషిక్తుడైన ఈ రాజమహేంద్రవరపు రాజు కోరికమీద నన్నయభట్టారకుడు భారతమును తెనిగింప మొదలుపెట్టెను. పొన్ని ముద్దుబిడ్డ కూతురి కొమారుడు కోరనిచో మన ఆదికావ్యము ఎప్పుడు, ఎట్లు పుట్టెడిదో! ఆదిసభాపర్వములు ముగించి, అరణ్యపర్వము నడుమ నన్నయ ఆగిపోయెను. అదిగూడ ముగియని కథయే. రెండువందల యేండ్లు దాటిన పిమ్మట తిక్కన విరాటపర్వమునుండి చివరిదాక వ్రాసెను. నడుమ మిగిలిన అరణ్యశేషమును ఆ తరువాత ఎఱ్ఱన పూరించెను. ఏడుదినముల యాలస్యమునకే విసుగుకొన్న మనము, ముగింపుకొరకు అన్నితరములు వేచిన శ్రోతల సంతతి వారము!

మరియొకటి. రాజరాజనరేంద్రుడు మేనమామ రాజేంద్రచోళుని కూతు అమ్మంగను పెండ్లాడెను. వారి కొమారుడు 1070లో చోళసింహాసనమెక్కి కులోత్తుంగుడని పేరొందెను. తండ్రివైపునను తల్లివైపునను అతడు రాజరాజునికి మునిమనుమడే. ‘త్యాగశిఖరము’లో అరుళ్మొళి చేతికందియు వలదన్న ఆ సింహాసనము, నూరేండ్లకు వేంగిరాజు బిడ్డకు దక్కినది. నాలుగు వందలయేండ్ల తరువాత నాయకరాజులతో తంజావూరికి వచ్చిన తెలుగువారిని గూర్చి మనము ఎక్కువగా చెప్పుకొందుము. ఈ మొదటి రాకను గూర్చి చెప్పుకొనుట తక్కువ.

మేము కళాశాలలో చరిత్ర చదువునప్పుడు గాని ఈ వంశవృక్షము మాకు తెలియలేదు. సెలవులకు వచ్చి మేనత్తకు చెప్పితిమి. అప్పటికి అవ్వ లేదు. మేనత్త వినుచు వినుచు లోపలికి పోయి ఐదవ బైండు పుస్తకము తెచ్చెను. చివరిపుటలో, కథ ముగిసినదని అచ్చువేసిన మాట క్రింద, పెన్సిలుతో ఒకమాట వ్రాసియున్నది. అక్షరములు తమిళమువి, మాట తెలుగుది: “తరువాత?” 1954లో వ్రాసినదట. “నువ్వు చెప్పిందంతా దీంట్లో రాయరా అబ్బాయీ” అనెను. తెలుగున వ్రాయబోగా చేయిపట్టుకొని, “నాకు చదవ వచ్చేటట్టు రాయి” అనెను.

తమిళలిపిలో తెలుగు వ్రాయుట ఎంతటి యిక్కటో ఆ యభ్యాసమున్న మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. గ-కు క-కు ఒక్కటే అక్షరము, ద-కు త-కు ఒక్కటే అక్షరము. ఒక పుటనిండ వ్రాసి యిచ్చితిమి. ఆమె దానిని మైదాపిండి జిగురుతో ముగింపుమాట ప్రక్కన అంటించినది. ఆ పుస్తకము నేడు మాయొద్దనే యున్నది. ఒక మూల చెద తినినది. కులోత్తుంగుని పేరు సగము పోయినది. రాజమహేంద్రవరమని వ్రాసినచోటు మాత్రము చెదరలేదు. దాని క్రింద ఆమె, ఎప్పుడు వ్రాసెనో మాకు తెలియదు, అదే పెన్సిలు దస్తూరితో మరల వ్రాసియున్నది: “తరువాత?”